పొత్రానికి పచ్చకామెర్లు

ఆ ఆదివారం పొద్దున, హిందీ మాట్లాడే ఫ్యాక్టరీ ఊళ్లో, బిర్సానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. మంచం మీద చిలకమ్మ. మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఆమె పాదం నొక్కుతూ మొగుడు అసిరయ్య. గుమ్మంలో, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి బూట్లు కూడా విప్పని కొడుకు పైడిబాబు. వంటింట్లో కోడలు శ్రీదేవి. కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని, ఫోన్లో తల దూర్చి, వాళ్ల కూతురు ప్రియ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో పక్కింటి కూర్మారావు. నేల మీద బాసింపట్టు వేసుకుని పుల్లలతో మాల కడుతున్న, కామెర్లకి మంత్రం వేసే ముసలి ఓజా. ఎనిమిదోది దేవిశ్రీ, చిలకమ్మ కూతురి కూతురు. పలాస దగ్గర పల్లెలో ఇంటర్ పరీక్షలు రాసి, అమ్మమ్మకి సాయంగా ఉండమని అమ్మ రైలెక్కిస్తే వచ్చి నెల కావస్తోంది. తలుపుకీ గోడకీ మధ్య సందులో నిలబడి ఉంది. ఎవరైనా లెక్కపెడితే ఏడుగురనే చెప్తారు.

ఓజా పక్కన గోనెగుడ్డ మీద పచ్చి పుల్లల కట్ట ఉంది. ఏదో తుప్ప పుల్లలు. తుంచితే లోపల తెల్లగా, తడిగా ఉన్నాయి. గోరంత ముక్క తుంచడం, దారం పేటలో పెట్టడం, మెలేసి లాగడం. మళ్లీ ముక్క, మళ్లీ మెలి. పెదాలు ఏదో మంత్రం చదువుతున్నాయి గానీ వేళ్లు ఆ మంత్రం కోసం ఆగడం లేదు. దేవిశ్రీ చూపంతా ఆ వేళ్ల మీదే ఉంది. అది కనకాంబరాలు కట్టే ముడి. ఊళ్లో ఆ ముడితోనే ఆమె మూరలకి మూరలు దండలు కట్టింది.

చిలకమ్మకి ఇది రెండో మాల. మూడు వారాల కిందట ఇదే ఓజా కట్టిన మొదటి మాల నెత్తి మీద కిరీటంలా బిగుతుగా కూర్చుంది. మూడో రోజుకి జారి మెడలో పడింది. రోజుకింత పొడుగవుతూ ఇప్పుడు మోకాళ్లు దాటి వేలాడుతోంది. మాల ఎంత దిగితే పచ్చకామెర్లు అంత దిగినట్టని ఓజా మాట. తలనుంచి కాళ్లదాకా దిగిన మాలని సువర్ణరేఖ నదిలో కలిపేసి, లోపల మిగిలినదాని కోసం ఇంకోటి వేసుకోవాలట.

పైడిబాబు ఫోను తీసి వెలుతురుకి అటూ ఇటూ తిప్పాడు. ఆసుపత్రి నుంచి రక్తం రిపోర్టు వచ్చింది.

"రెండు పాయింట్ ఆరు," అన్నాడు. "అమా, కామెర్ల నెంబరు మొదట్లో పద్దెనిమిదుండేది. రెండు పాయింట్ ఆరుకొచ్చీసింది!"

కూర్మారావు కుర్చీ చేతుల మీద రెండు చేతులతోనూ చరిచాడు. "సూసినారా? నానేటి సెప్పినాను? మాల మోకాళ్లు దాటింది, నెంబరు దిగింది. రెండూ ఒక్కపాలే!"

"డాట్రమ్మ నోట్లోంచి పైపేసింది గదా మరి," అన్నాడు అసిరయ్య నెమ్మదిగా.

"పైపుదేటుంది బావా! పైపు మా కంపెనీలో బోలెడున్నాయి. పైపుకి మంత్రమొస్తాదేటి?"

అందరూ నవ్వారు. చిలకమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. అద్దం అడిగి తెప్పించుకుని, కింది రెప్ప లాగి, కంటి తెల్లగుడ్డు చూసుకుంది. నెల కిందట ఆ కళ్లు పసుపు ముద్దల్లా ఉండేవి. చౌరస్తాలో ఆమె ఇడ్లీ బండి దగ్గరికి వచ్చేవాళ్లు ఆ కళ్లు చూసి, "పీలియా హై మౌసీ కో, ఛూ లేగా", పచ్చకామెర్లు అంటుకుంటాయి అనుకుంటూ అవతలి బండికి పోయేవారు. ఇరవైయేళ్లుగా ఆమె చేతి చట్నీ తిన్నవాళ్లు. అంటుకునే జబ్బు కాదని చెప్పినా విన్నవాడు లేడు. ఆ రోజు నుంచి బండికి తార్పాలిన్ కప్పేసింది చిలకమ్మ. ఎవరి మీదా కోపం చూపించలేదు గానీ, ఆ దారిన నడవడం మానేసింది.

"ఓలే గుంటా," అంది ఇప్పుడు, సందులో ఉన్న దేవిశ్రీని పట్టి. "మినపప్పు నానబెట్టు. రేపు బండి తీద్దుము."

పైడిబాబు తండ్రి వైపు చూశాడు. తండ్రి కూర్మారావు వైపు చూశాడు.

"మరి గురువారం ఆసుపత్రిలో చేరమన్నారు గదా," అంది వంటింట్లోంచి శ్రీదేవి.

"ఎందుకూ చేరడం?" అన్నాడు పైడిబాబు. "పచ్చకామెర్లు పోనాయి గదా. కంపెనీలో మా షాపులో గణపతిరావు పెళ్లాన్ని పచ్చకామెర్లతోనే కోసినారు. టేబుల్ మీదే పోయింది. బాగైన మనిషిని తీసుకెళ్లి కోయించడమేటి?"

"రాయే గదరా," అంది చిలకమ్మ తేలిగ్గా. "ఉంటే ఉంటాది ఓ మూల. నానేటి దాన్ని మోసుకుని పరుగులెత్తాలా?"

ఓజా ఆఖరి ముడి లాగి, దారం పంటితో తెంపి, నదిలో కలపడానికి పాత మాల తీసి పక్కన పెట్టి, కొత్త మాలని చిలకమ్మ నెత్తి మీద పెట్టాడు. అతను వెళ్లాక దేవిశ్రీ గోనెగుడ్డ మడత పెట్టడానికి వంగింది. శ్రీదేవి వెనకనుంచి వచ్చి ఆమె చెవి దగ్గర నెమ్మదిగా అంది. "నోరు జారకు సుమీ. రాయనే అనుకోనీ. అది క్యాన్సరని తెలిస్తే ఆవిడ గుండె ఆ క్షణమే ఆగిపోద్ది."

దేవిశ్రీ తల ఊపింది. ఆమె నోరు జారిన సందర్భం ఈ నెలలో ఒక్కటీ లేదు. గోనెగుడ్డ మీద గుప్పెడు పుల్లలు మిగిలి ఉన్నాయి. వాటిని పారేయబోయి, ఆగి, ఓణీ కొంగులో కట్టుకుంది.

పెరట్లో, ఇంట్లోకి గ్రైండరు వచ్చినప్పటి నుంచి వాడని పాత రుబ్బురోలు ఉంది. దాంట్లో పొత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. కింద లావు, పైకి పోనుపోను సన్నం. అంట్లు తోమడానికి వెళ్లిన దేవిశ్రీ, మధ్యాహ్నమంతా పంపు పక్కన కూర్చుని, ఓజా కట్టినట్టే ముక్కలు తుంచి, ఓజా మెలేసినట్టే మెలేసి, చిన్న మాల ఒకటి కట్టింది. మంత్రం ఆమెకి రాదు. ఆ మాలని పొత్రం కొస మీద బిగుతుగా కూర్చోబెట్టింది. లాగితే రాకుండా ఉందో లేదో రెండుసార్లు చూసింది. తర్వాత గిన్నెలు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

*

సోమవారం తెల్లవారుతూనే తార్పాలిన్ తీశారు. నెల రోజుల దుమ్ము తుడిచి, పొయ్యి వెలిగించి, పాత్రలో నీళ్లు తెర్లుతుంటే చిలకమ్మ పళ్లేల మీద తడిగుడ్డ పరిచి పిండి పోసింది. గరిటె అంచు గుంతకి తగలకుండా పోస్తుంది ఆమె. దేవిశ్రీ పోస్తే తగులుతుంది.

"మణికట్టు తిప్పకే, మోచెయ్యి తిప్పు. ఆఁ, అలాగ. పిండి తనకి తానే దిగాల. నివ్వు తొయ్యకూడదు."

షిఫ్టుకి పోయేవాళ్ల సైకిళ్లు, స్కూటర్లు మొదలయ్యాయి. మొదట వచ్చినవాడు ఒక ఆటో డ్రైవరు. దూరంగా ఆగి చూశాడు.

"మౌసీ! ఆంఖ్ తో సాఫ్ హో గయా!"

"హో గయా బేటా. ఆవో, దేఖో, ఛూవో," అని చిలకమ్మ రెండు కళ్లూ వేళ్లతో పెద్దవి చేసి చూపించింది. అతను సిగ్గుపడి, నాలుగు ఇడ్లీలు అడిగి, ఇంకో రెండు వేయించుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకరు. నెత్తి మీద పుల్లల కిరీటంతో, చెంగు నడుముకి బిగించి, ఆవిరిలో నిలబడ్డ అమ్మమ్మ ఆ పూట ఎంత బాగుందో దేవిశ్రీకి చెప్పడం రాదు. చట్నీ గిన్నె పట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయింది.

"నన్ను సూసి జడిసిపోయినోల్లు, ఇయ్యాల నన్నే ఎతుక్కుంటా వచ్చినారు," అంది చిలకమ్మ, ఎవరూ వినకుండా, దేవిశ్రీకి మాత్రమే.

రెండో వాయి దింపేటప్పుడు ఆమె చేతిలోంచి మూత జారి నేల మీద పడి గుండ్రంగా తిరిగింది. చిలకమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయి, కుడి డొక్క కింద అరచెయ్యి పెట్టుకుని, నోటితో గాలి పీల్చింది. "ఏం నేదు, ఏం నేదు," అంది దేవిశ్రీ అడగకుండానే. "నెల్లాళ్లయిపోనాది గదా పని సేసి. ఒళ్లు బద్ధకించింది." మూడో వాయి దేవిశ్రీ పోసింది. ఒక్క ఇడ్లీ కూడా గుండ్రంగా రాలేదు. అయినా అన్నీ తినేశారు.

ఇంటికొచ్చి బకెట్ కడగడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు పొత్రం వైపు చూసింది. మాల కొస మీంచి నాలుగు వేళ్ల కిందికి దిగి ఉంది.

*

మంగళవారం పైడిబాబు స్నానానికి వెళ్లినప్పుడు అతని ఫోను మోగింది. శ్రీదేవి చేతులు పిండిలో ఉన్నాయి. ప్రియ స్కూలుకి పోయింది. "ఎత్తవే," అంది శ్రీదేవి. దేవిశ్రీకి ఫోనంటే మనుషులకంటే భయం. ఎత్తి, చెవికి పెట్టుకుని, ఏమీ అనలేదు.

"హలో? నేను డాక్టర్ నేహ. చిలకమ్మ గారి ఇల్లేనా?"

డాక్టరు నేహ తెలుగువాళ్ల అమ్మాయే. తండ్రి ఇక్కడే ఇంజనీరు. ఆమె తెలుగు ఇంట్లో నేర్చుకున్నది కాబట్టి చిన్నపిల్ల తెలుగులా ఉంటుంది. నెల కిందట ఆసుపత్రి వరండాలో, చిలకమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి, పైడిబాబుకి నిజం చెప్పింది ఆవిడే. సంచి మోస్తూ పక్కనే ఉన్న దేవిశ్రీ కూడా విన్నది.

"ఊఁ," అంది దేవిశ్రీ.

"గురువారం మార్నింగ్ సెవెన్‌కి తీసుకురండి. రిపోర్ట్ చూశాను. వెరీ గుడ్. ఆ నంబర్ తగ్గాలనే మేం వెయిట్ చేశాం. పైపు వేసింది అందుకే. పచ్చదనం ఎక్కువ ఉన్నప్పుడు కోస్తే బ్లీడింగ్, ఇన్‌ఫెక్షన్. ఇప్పుడు దారి ఓపెన్ అయింది. లేట్ చేయొద్దు. పైపు మళ్లీ మూసుకుపోవచ్చు, గడ్డ పెరగొచ్చు. అర్థమైందా? ఎవరు మాట్లాడుతున్నారు?"

"మనవరాలిని."

"పేషెంట్‌కి చెప్పారా, అది ఏంటో?"

"నేదు."

అవతల నిట్టూర్పు వినిపించింది. దేవిశ్రీ వంటింటి వైపు చూసింది. శ్రీదేవి చపాతీ వత్తుతోంది. గోడ వైపు తిరిగి, ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ నెలలో మొదటిసారి తనంతట తాను ఒక మాట అడిగింది.

"కోస్తే బతుకుతాదా అండీ?"

"పచ్చకామెర్లతో వచ్చినవాళ్లలో చాలామందికి మేం కొయ్యనే లేం అమ్మా. అప్పటికే పాకిపోయి ఉంటుంది. మీ అమ్మమ్మకి స్కాన్‌లో పాకినట్టు లేదు. చేస్తే ఛాన్స్ ఉంది. పెద్ద ఆపరేషన్, రిస్క్ కూడా ఉంది. గ్యారంటీ ఇవ్వను. కానీ చెయ్యకపోతే ఏమవుతుందో అది మాత్రం నాకు..."

తడి చెయ్యి ఒకటి వచ్చి ఫోను లాక్కుంది. పైడిబాబు తువ్వాలుతో ఉన్నాడు, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"మేడమ్, అభీ సబ్ ఠీక్ హై. మాఁ బండి చలా రహీ హై. బాద్ మే దేఖేంగే." అమ్మ బండి కూడా నడుపుతోంది, తర్వాత చూద్దామని చెప్పి పెట్టేశాడు. దేవిశ్రీ వైపు కోపంగా చూద్దామనుకున్నాడు గానీ ఆ చూపు కుదరలేదు. "నివ్వు సిన్నపిల్లవి. నీకేటి తెలుసు, ఆవిడ టేబుల్ మీద పోతే ఆ పాపం ఎవులిది?" అన్నాడు. తువ్వాలు అంచుతో ఫోన్ని మళ్లీ మళ్లీ తుడిచాడు. దేవిశ్రీకి మావయ్య మీద కోపం రాలేదు. అతను జడుసుకున్నాడని తెలిసింది, అంతే.

*

బుధవారం మధ్యాహ్నం ఎండ కాల్చేస్తోంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పైడిబాబు డ్యూటీలో ఉన్నాడు. మర్నాటికి నానబోయాల్సిన బియ్యం కడగడానికి చిలకమ్మ గిన్నెతో పెరట్లోకి వచ్చింది. ఆమె నెత్తి మీద మాల అప్పటికి చెవుల మీదికి దిగి ఉంది. దేవిశ్రీ పంపు దగ్గర ఉంది. లోపలికి పోదామా అనుకుని, పోలేదు.

చిలకమ్మ నీళ్లు వంపేటప్పుడు రుబ్బురోలు వైపు చూసింది.

"ఏటే ఇది?"

పొత్రం అడుగున, రోలు గుంతలో, ఎండి ముడతలు పడ్డ మాల ఉంగరంలా పడి ఉంది.

"మాల, అమ్మమ్మా."

"మాలని తెలుస్తంది. పొత్రానికెందుకేసినావే?"

దేవిశ్రీ పంపు కట్టేసింది.

"ఎప్పుడేసినావు?"

"ఆదోరం. నీకేసినాక. మిగిలిన పుల్లల్తోటి."

"ఎక్కడేసినావు?"

దేవిశ్రీ లేచి పొత్రం కొస ముట్టుకుని చూపించింది. "ఇక్కడ. బిగుతుగా. నీదానికన్నా ముందే జారిపోనాది."

చిలకమ్మ పొత్రాన్ని చూసింది, మాలని చూసింది, మనవరాలిని చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆఖరికి డొక్క పట్టుకుని, బియ్యం గిన్నె పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని నవ్వింది.

"ఓలమ్మో! అయితే పొత్రానికీ పచ్చకామెర్లు తగ్గిపోనాయేటే!"

దేవిశ్రీ కూడా నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చిలకమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది. నెత్తి మీది మాల తీసింది. రోట్లో మాల కూడా తీసింది. రెండిటినీ పక్కపక్కన ఒళ్లో పెట్టుకుని, ఒక పుల్లని గోటితో కదిపింది. పుల్ల సన్నబడి ముడిలో ఆడుతోంది. ముడి వదులై, దారం జారి, పొడుగైంది.

"పూలు వాడితే దండ ఒదులైనట్టు," అంది నెమ్మదిగా.

"ఊఁ."

"మరి నా కళ్లు తెల్లబడినాయి గదా. అదెలాగ?"

"ఆ పైపు అమ్మమ్మా. లోపల అడ్డమున్నదాని పక్కనుంచి దారి చేసిందంట."

చిలకమ్మ ఇరవైయేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. గొట్టం, ఆవిరి, అడ్డం, ఇవి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. "అంటే అడ్డం ఇంకా అడ్డంగానే ఉన్నాది," అంది. "రాయి."

పంపు నుంచి ఒక్కో చుక్క బకెట్లో పడుతోంది.

"రాయేనా?"

దేవిశ్రీ నేల చూస్తోంది.

"నా మొగం సూడు. నీకు అబద్ధం రాదని మీ యమ్మ సెప్పింది. రాయేనా?"

"కాదమ్మమ్మా." మాట ఒకటి బయటికొచ్చాక మిగిలినవి ఆగలేదు. "గడ్డ. చెడ్డది. క్యాన్సర్. డాక్టరమ్మ రేపు పొద్దున్న ఏడింటికి రమ్మంది. కామెర్లు తగ్గాలనే ఆగినారంట, కోయడానికే. పాకలేదంది. ఛాన్సుందంది. మావయ్య జడిసి రామన్నాడు. టేబుల్ మీద ఏటైనా అయితే తనదే పాపమని."

ఆమె ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం చిలకమ్మ ఎప్పుడూ వినలేదు. బియ్యం గిన్నె దగ్గరికి లాక్కుని, నీళ్లలో చెయ్యి పెట్టి, గింజల్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది. నీళ్లు తెల్లబడ్డాయి. వంపేసింది. మళ్లీ నీళ్లు పట్టింది.

"ఎవులెవులికి తెలుసు?"

"అందరికీ."

"మీ తాతకి?"

"ఊఁ."

"ప్రియకి?"

"ఊఁ."

"కూర్మారావుకి?"

దేవిశ్రీ జవాబు చెప్పకముందే చిలకమ్మకి తెలిసిపోయింది. "కూర్మారావుకీ తెలుసా!" అంది. గొంతులో ఏడుపు లేదు, వింత ఉంది. "నా కడుపులో ఏటున్నాదో పక్కింటి కూర్మారావుకి తెలుసు. నాకు తెలీదు." ముక్కు చీది, చెంగుతో తుడుచుకుంది. దేవిశ్రీ ఆమె పక్కన గట్టు మీద కూర్చుంది, భుజం తగిలీ తగలకుండా. చిలకమ్మ తగిలేలా జరిగింది.

సాయంత్రం పైడిబాబు వచ్చి బూట్లు విప్పుతుంటే, తల్లి వెనకనుంచి వచ్చి పొత్రం మాలని అతని నెత్తి మీద పెట్టింది. అది చెవుల మీంచి జారి భుజాల మీద పడింది.

"ఏటమా ఇది?"

"రోట్లో పొత్రానిది. దాని కామెర్లు తగ్గిపోనాయి. నీ భయం కూడా తగ్గుతాదేమోనని."

అతను మాల తీసి చూసి, తల్లిని చూసి, తలుపు సందులో ఉన్న దేవిశ్రీని చూసి, నెమ్మదిగా నేల మీద కూలబడ్డాడు. విప్పిన బూటు ఇంకా చేతిలోనే ఉంది.

"నాకు సెప్పుంటే నానూ జడిసుందును నాన్నా," అంది చిలకమ్మ, అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని. "ఇద్దరం కలిసే జడిసుందుము. నివ్వొక్కడివే ఎందుకు జడిసినావు ఇన్నాళ్లూ?"

"టేబుల్ మీద ఏటైనా అయితే..."

"అయితే ఆ పాపం నాదే. ఒళ్లు నాది గదా. నీకు రాసియ్యలేదు గదా." అతని చేతిలోంచి బూటు తీసి పక్కన పెట్టింది. "పొద్దున్నే ఆటో పిలు."

"నానూ వత్తాను," అన్నాడు అసిరయ్య లోపల్నుంచి, ఎవరూ అడగకపోయినా.

"నివ్వు రాకపోతే నా కాళ్లెవులు నొక్కుతారు," అంది చిలకమ్మ.

కూర్మారావు ఆ పూట గోడ మీంచి తొంగిచూసి, "సెల్లెమ్మా, మాల తీసీనావేటి?" అన్నాడు.

"తీసీనాను అన్నా. ఒకటి మిగిలింది, నీకు కావాలేటి?" అంది చిలకమ్మ. గోడ మీద తల కనిపించకుండా పోయింది.

*

గురువారం ఆసుపత్రిలో నేహ కాగితం తీసి, అలవాటు కొద్దీ పైడిబాబు వైపు చాచింది. చిలకమ్మ మధ్యలోనే అందుకుంది.

"నాకు సెప్పమ్మా. తెలుగులోనే సెప్పు. తప్పులొచ్చినా పర్లేదు."

నేహ బల్ల అవతల నుంచి లేచి వచ్చి ఆమె పక్కన కుర్చీలో కూర్చుంది. బొమ్మ గీసింది. ఇది లివర్, ఇది పిత్తం సంచి, ఇది గొట్టం, గడ్డ ఇక్కడ. సంచీ, దాన్ని ఆనుకున్న లివర్ ముక్కా, గొట్టమూ తీసేసి పేగుని తెచ్చి కలుపుతాం అంది. తెరిచాక పాకినట్టు కనిపిస్తే ఏమీ తియ్యకుండా మూసేస్తాం అని కూడా అంది. ఆ మాటకి పైడిబాబు కిటికీలోంచి బయటికి చూశాడు. చిలకమ్మ మాత్రం బొమ్మ మీదే వేలు పెట్టి, "ఈ పేగు ఇక్కడికి అందుతాదేటి?" అంది. అందుతుందని నేహ చెప్పింది. చిలకమ్మ తృప్తిగా తల ఊపి, పెన్ను అడిగి, ఒక్కో అక్షరం నొక్కి, చిలకమ్మ అని తన పేరు తెలుగులో రాసింది.

శనివారం పొద్దున ఆమెని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లారు. వరండాలో ఇంట్లోవాళ్లు ఐదుగురూ కూర్చున్నారు. ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకి జరిగింది. మధ్యలో మూసేశామని చెప్పడానికి ఎవరైనా తొందరగా బయటికొస్తారేమోనని అందరికీ ఒకటే భయం. ప్రతి గంటా, ఎవరూ రాకపోవడమే మంచి కబురుగా గడిచింది. మూడు దాటాక నేహ వచ్చింది, టోపీ గుర్తు నుదుటి మీద అలాగే ఉంది. కనిపించినంతా తీశామంది. పైడిబాబు రెండు చేతులూ జోడించి, వాటిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"తీసిన ముక్క అంచుల్లో గడ్డ ఉందో లేదో, ఆ రిపోర్ట్ రావాలి. పది, పన్నెండు రోజులు. తర్వాత మందులు కూడా ఉంటాయి," అంది నేహ. "ఈసారి ఎవరికి ఫోన్ చెయ్యను?"

జవాబు అందరికీ తెలుసు.

*

ఇంటికొచ్చిన నాలుగో రోజు. చిలకమ్మ మంచం మీద మూడు దిళ్లకి ఆనుకుని, కింద గ్రైండరు దగ్గర కూర్చున్న దేవిశ్రీకి పని చెప్తోంది. ఆమె బాగా చిక్కింది. పొట్ట మీద అడ్డంగా పెద్ద కట్టు ఉంది. కానీ గొంతు మాత్రం పాతదే.

"నీళ్లు సాలు. సాలన్నాను గదే! ఇడ్లీ పిండా, గంజా?"

"దాదీ, రెస్ట్ లేనే బోలీ హై డాక్టర్," అంది ప్రియ కిటికీ గట్టు మీంచి.

"నోటికి రెస్టని సెప్పినాదేటి డాక్టరు? పొట్టకి సెప్పింది."

పక్కనే ఉన్న అసిరయ్య నవ్వి, విసనకర్ర ఇంకాస్త ఊపాడు. అప్పుడు పైడిబాబు ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, అతను ఎత్తలేదు. రెండు అడుగుల్లో మంచం దగ్గరికి వచ్చి, మోగుతున్న ఫోనుని తల్లి చేతికిచ్చాడు. శ్రీదేవి స్టవ్ ఆపేసింది.

"ఆఁ, నానే," అంది చిలకమ్మ. "సెప్పమ్మా."

విన్నది. ముఖంలో ఏమీ కదలలేదు. మళ్లీ విన్నది.

"క్లీన్ అంటే? ... తెలుగులో అనమ్మా, ఇంగ్లీషులో అంటే నానెలా నమ్మాల. ... అంచులు శుభ్రంగా ఉన్నాయా? నాలుగేపులా? ... ఊఁ. ... ఊఁ."

పైడిబాబు గోడకి తిరిగాడు. అసిరయ్య చేతిలో విసనకర్ర ఆగిపోయింది. శ్రీదేవి చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. దేవిశ్రీ పిండి చేతులు గాల్లో అలాగే ఉంచుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ చేసింది.

"ఉండమ్మా, పెట్టీకు. నానడగాల్సినవి నాలుగున్నాయి," అంది చిలకమ్మ ఫోనులో. ఫోను చెవికి అలాగే పెట్టుకుని, ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, కాళ్లు నేల మీద దింపింది. దేవిశ్రీ గబుక్కున లేచి, పిండి చేతులతోనే రెక్క పట్టుకుంది. చిలకమ్మ పట్టుకోనిచ్చింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇద్దరూ లోపలి గది గుమ్మం దాకా వెళ్లారు. అక్కడ ఆగి, మనవరాలి చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది.

"నివ్వు పో, పిండి పులిసిపోద్ది. నా మందుల కబురు, నా తిండి కబురు, ఎన్నాళ్లకి బండి తియ్యొచ్చో ఆ కబురూ, అన్నీ నానడుగుతాను. నీకు సెప్పాల్సినవి తరవాత సెప్తాను."

"కూర్మారావు తాతకో?" అంది దేవిశ్రీ. అలాంటి మాట తన నోటి నుంచి వచ్చిందని తనే నమ్మలేకపోయింది.

చిలకమ్మ పకపకా నవ్వబోయి, కుట్లు లాగి, "ఓలే, నవ్వించకే గుంటా!" అని పొట్ట పట్టుకుని, ఫోనులో "ఏం నేదమ్మా, నా మనవరాలు, ఇయ్యాలే మాటలొచ్చినాయి దానికి" అని చెప్తూ, కాలితో తలుపు తోసి, దేవిశ్రీ ముఖం మీదే మూసేసింది.